సగం వాడిన ఫిల్మ్ రోలు: అపోహలు, వాస్తవాలు

కడగడానికి (డెవలప్ చేయడానికి) నా దగ్గరికి వచ్చే ఫిల్మ్ రోళ్లలో సగంలో ఆపేసినవి చాలానే ఉంటాయి. వాటి వెంటే కొన్ని నమ్మకాలూ వస్తాయి.

అపోహ: కెమెరాలో వేశాక 36 ఫొటోలూ పూర్తయ్యేదాకా రోలు తీయకూడదు.

35 ఎంఎం రోలును ఎప్పుడైనా తీయొచ్చు. చేత్తో చుట్టే కెమెరా అయితే అడుగునున్న రివైండ్ బటన్ నొక్కి, మెల్లగా మీట తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకోండి. ఫిల్మ్ అవతలి స్పూలును వదిలేటప్పుడు చిన్న కుదుపు తగులుతుంది, మరుక్షణం మీట తేలికైపోతుంది. అక్కడ ఆపేస్తే నాలుక, అంటే ఫిల్మ్ మొదటి కొస, క్యాసెట్ (ఫిల్మ్ చుట్టి ఉండే చిన్న డబ్బీ) బయటే ఉంటుంది. ఎన్ని తీశారో, ఏ ఐఎస్‌ఓ (ఫిల్మ్ వేగం) పెట్టారో మార్కర్‌తో ఆ నాలుక మీదే రాసేయండి. నేనొకసారి రాయలేదు. కొత్త రోలనుకుని మళ్లీ వేశాను. పిల్లాడి నవ్వు మీదుగా రైలు పోయింది.

మళ్లీ వేసేటప్పుడు లెన్స్‌కి మూత, షట్టర్ అన్నిటికన్నా వేగంగా, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) అన్నిటికన్నా చిన్నగా పెట్టి, తీసిన ఫ్రేములన్నీ దాటేదాకా ఖాళీగా నొక్కుతూ పోవాలి. 14 తీసి ఉంటే నేను 16 నుంచి మొదలుపెడతాను. ఆ ఒక్కటీ ఎందుకు వదలాలంటారా? ఒక్కో ఫ్రేముకు ఫిల్మ్ అంచున 8 రంధ్రాలు. ఈసారి నాలుక కెమెరా పళ్లచక్రానికి ఒక్క పన్ను అటూ ఇటూ తగులుకున్నా బొమ్మ దాదాపు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఫ్రేముల మధ్య ఉండే సందు 2 మిల్లీమీటర్లే.

మోటారుతో చుట్టే కెమెరాలు చాలావరకు నాలుకను కూడా మింగేస్తాయి. దాన్ని బయటికి లాగడానికి లీడర్ రిట్రీవర్ అనే పల్చటి పనిముట్టు దొరుకుతుంది. ఇంతకన్నా వెడల్పాటి 120 రోలుకు ఈ పద్ధతి ఏదీ పనికిరాదు, దానికి క్యాసెట్టే ఉండదు. ఫిల్మ్ ఉండే వెనకభాగాన్నే మార్చుకునే కెమెరా ఉంటే తప్ప మొదలుపెట్టిన రోలు పూర్తి చేయాల్సిందే.

అపోహ: వెనక తలుపు తెరుచుకుంటే రోలంతా పోయినట్టే.

క్యాసెట్ లోపలున్నది భద్రం. దెబ్బ తినేది బయట పరుచుకున్న ఒకటి రెండు ఫ్రేములు, స్పూలు మీది పైచుట్లు. చప్పున మూసేస్తే లోపలి చుట్లలో కొన్ని బతుకుతాయి. అయితే కొన్ని కెమెరాలు ముందే రోలంతా బయటికి చుట్టేసి, తీసిన ఫ్రేమును తీసినట్టు క్యాసెట్‌లోకి పంపుతాయి. వాటిలో తీసినవి మిగులుతాయి, తీయబోయేవి పోతాయి.

అపోహ: తీసేశాం కదా, ఎప్పుడు కడిగినా ఒకటే.

కడగని బొమ్మ అంటే వెండి లవణపు రేణువుల మీద నాలుగైదు వెండి అణువుల గుంపు. వేడికీ తేమకీ అది కరుగుతూ పోతుంది, నీడల్లోని వివరం ముందు పోతుంది. నిజమే, 1897లో ఆర్కిటిక్‌లో చిక్కుకుపోయిన ఆంద్రే బెలూన్ బృందం తీసిన ఫిల్మ్ 1930లో దొరికితే 93 బొమ్మలు దక్కాయి. కానీ అది 33 ఏళ్లు మంచులో ఉంది, మీ రోలు కారు డ్యాష్‌బోర్డులో ఉంది.

ఫ్రిజ్‌లో పెట్టండి, గాలి చొరని డబ్బాలో. ఫ్రిజ్‌లోంచి బయటికి తెచ్చాక కనీసం రెండు గంటలు డబ్బా మూత తీయకండి. చల్లటి ఫిల్మ్ మీద నీరు పట్టిందంటే మచ్చలే.

అపోహ: సగం 400 ఐఎస్‌ఓకి, సగం 1600కి తీసినా ల్యాబ్‌వాళ్లు సర్దేస్తారు.

రోలంతా ఒకే ద్రావణంలో ఒకే సమయం ఉంటుంది. ఒక సగానికి సరిపోయిన సమయం రెండోదానికి సరిపోదు. కోయక తప్పదు. రివైండ్ చేయకుండా కటిక చీకట్లో కెమెరా తెరిచి, క్యాసెట్ మూతి దగ్గర కత్తిరిస్తే తీసిన భాగాన్ని స్పూలు మీంచి విప్పుకోవచ్చు. మిగిలినదానికి మళ్లీ నాలుక కోసుకోవాలి, అందులో నాలుగైదు ఫ్రేములు పోతాయి. కత్తెర ఎక్కడ పెట్టారో మాత్రం లైటు ఆర్పకముందే చూసుకోండి.