పుట్టిల్లు పంటి మీద ఉంటుంది

పెళ్లయ్యాక మన ఆడపిల్లకు ఇంటిపేరు మారుతుంది, ఆధార్‌లో అడ్రస్ మారుతుంది, రేషన్ కార్డు మారుతుంది. మారనిది ఒకటుంది. మూడేళ్లు నిండేలోపు చిగుళ్ల లోపలే తయారైపోయిన మొదటి దవడపన్ను, దాని మీది గట్టి పూత. దాన్నే ఎనామిల్ అంటాం. ఎముక అలా కాదు, మనిషి బతికినన్నాళ్లూ కొంచెం కొంచెంగా కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్ ఒకసారి గట్టిపడ్డాక ఇక అంతే. ఏ ఊరి నీళ్లతో, ఏ చేలో పండిన గింజతో అది తయారైందో ఆ గుర్తు మనిషి పోయి 5,000 ఏళ్లయినా అందులో ఉంటుంది.

రాతకోతలు లేని కాలంలో ఎవరు ఎవరింటికి కాపురానికి వెళ్లారో ఇప్పుడు కొంత చెప్పగలుగుతున్నారంటే దానికి మొదటి ఆధారం ఇదే. ప్రాచీన డీఎన్‌ఏ అనగానే అందరూ పెద్ద పెద్ద వలసల గురించీ, ఎవరు ముందొచ్చారన్న తగువుల గురించీ మాట్లాడతారు. నాకు మాత్రం కోడళ్ల కథే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది.

పంటిలో మిగిలే ఆ గుర్తు స్ట్రాన్షియం అనే మూలకం. గుణాల్లో ఇది కాల్షియంకు దగ్గరి చుట్టం. అందుకే శరీరం కాల్షియంతో పాటు దీన్ని కూడా పళ్లలోకి చేర్చేస్తుంది. స్ట్రాన్షియంలో బరువు తేడా ఉన్న రకాలున్నాయి. ఇలాంటి రకాలనే ఐసోటోపులంటారు. రాళ్లలోని రుబీడియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ ఉంటే స్ట్రాన్షియం-87 పెరుగుతూ పోతుంది, 86 మాత్రం ఉన్నంతే ఉంటుంది. అందువల్ల పాత గ్రానైటు నేలల్లో స్ట్రాన్షియం-87 వాటా ఎక్కువ, సున్నపురాయి నేలల్లో తక్కువ. హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అక్కడి బావినీళ్లు తాగి పెరిగిన పిల్ల పంటిలోనూ, పల్నాడు సున్నపురాయి నేల మీద పెరిగిన పిల్ల పంటిలోనూ ఈ లెక్క ఒకటే ఉండదని అనుకోవచ్చు. ఇదంతా పూర్వపు మాట. ఇప్పుడు మన కంచంలో బియ్యం ఒక జిల్లావి, పప్పు ఇంకో రాష్ట్రానిది, నీళ్లు క్యాన్‌లో వస్తాయి. రేపెప్పుడో మన పళ్లు తవ్వి తీసేవాళ్లకు తలనొప్పి తప్పదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఒకే రకం రాతినేల రెండు దూరప్రాంతాల్లో ఉండొచ్చు. కాబట్టి స్ట్రాన్షియం 'ఈమె ఇక్కడ పెరగలేదు' అని ధీమాగా చెప్పినంతగా 'ఫలానా చోట పెరిగింది' అని చెప్పలేదు. పక్క ఊరి నుంచి అదే రకం నేల మీద నడిచొచ్చిన కోడలు అసలు దీని కంట పడదు.

ఇక డీఎన్‌ఏ. ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేది ఇది. మగపిల్లలకు తండ్రి నుంచి వచ్చే వై క్రోమోజోమ్ మన ఇంటిపేరు లాంటిది, తరతరాలా మగవాళ్ల వెంటే నడుస్తుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. మిగతా క్రోమోజోముల్లో ఇద్దరికి ఎంత భాగం, ఎంత పొడవు ముక్కలుగా కలుస్తుందో చూస్తే తండ్రీకొడుకులా, అన్నదమ్ములా, తాతా మనవళ్లా అన్నది పట్టుకోవచ్చు. చెవి వెనకాల పుర్రెలో దాగి ఉండే ఎముక శరీరంలోని ఎముకల్లోకెల్లా గట్టిది. డీఎన్‌ఏ బాగా మిగిలేది అందులోనే. కాకపోతే దాన్ని తొలిస్తే ఆ మేరకు ఎముక పోయినట్టే. అందుకే మ్యూజియం వాళ్లు అడగ్గానే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఈ రెండు పరీక్షలనూ కలిపి చూసిన తొలి అధ్యయనాల్లో జర్మనీలోని ఆయ్‌లావ్ ఒకటి. సుమారు 4,600 ఏళ్ల కిందటి నాలుగు గోతులు, అందులో 13 మంది, ఎక్కువమంది పిల్లలే. ఒక స్త్రీ వెన్నెముకలో రాతి బాణపు ములికి దిగబడి ఉంది. ఎవరో దాడి చేశారు, బతికి బయటపడ్డవాళ్లు తిరిగొచ్చి తమవాళ్లను జాగ్రత్తగా పూడ్చారు. ఒక గోతిలో తల్లి, తండ్రి, ఇద్దరు మగపిల్లలు ఉన్నారని 2008లో డీఎన్‌ఏ నిర్ధారించింది. ఇంకో గోతిలో ముగ్గురు పిల్లలతో ఉన్న స్త్రీ వాళ్లలో ఇద్దరికి కన్నతల్లి కాదు. సవతి తల్లో, మేనత్తో అయి ఉండవచ్చు. పళ్లు చూస్తే మగవాళ్లూ పిల్లలూ అక్కడే పెరిగినవాళ్లు. స్త్రీలు బయటి నుంచి వచ్చినవాళ్లు.

పదమూడు మందితో ఒక సమాజపు ఆచారం తేల్చేస్తామా అన్న సందేహం సహజం. దానికి జవాబు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. యోన్ నది దగ్గర గుర్జీ అనే చోట సుమారు 6,700 ఏళ్ల కిందటి శ్మశానం ఉంది, తొలి రైతుల కాలానిది. అక్కడ బయటపడిన 128 మందిలో 94 మంది జన్యువులు చదవగలిగారు. 2023లో అచ్చయిన ఫలితం చూస్తే కళ్లు తిరుగుతాయి. 64 మంది ఏడు తరాల ఒకే వంశవృక్షంలో ఇమిడిపోయారు! రాతి యుగపు మనుషులకు ఏడు తరాలు. మనలో ఎంతమందిమి ముత్తాత తండ్రి పేరు ఠక్కున చెప్పగలం?

ఆ వృక్షానికి మొదలు ఒక మగమనిషి. మిగతావాళ్లవి మామూలు సమాధులు, ఇతనివి మాత్రం కొన్ని పొడవాటి ఎముకలే. వేరేచోట పూడ్చిన ఆయన్ని తవ్వి తీసి, ఇక్కడికి తెచ్చి మళ్లీ పూడ్చారన్నమాట. ఊరు మారుతూ తాతగారి ఎముకలు మూటగట్టుకుని వచ్చారు. మొదటి తరాల్లో చనిపోయిన చిన్నపిల్లలు కనబడకపోవడం కూడా ఇదే చెబుతోంది. పసిపిల్లల సమాధులు పాత ఊళ్లోనే ఉండిపోయి ఉంటాయి.

ఆ వంశవృక్షమంతా తండ్రుల వరసే. కొడుకులు, మనవళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల భార్యలు అక్కడి పిల్లలు కారు, చాలావరకు ఒకరికొకరు రక్తసంబంధీకులు కూడా కారు, అంటే ఒకే ఊరి నుంచి పిల్లల్ని తెచ్చుకోలేదు. స్ట్రాన్షియం కూడా అదే మాట చెప్పింది. ఈ ఇంట పుట్టి పెరిగి పెద్దయిన కూతుళ్లు ఆ శ్మశానంలో దాదాపు లేరు, ఎక్కడికో కాపురానికి వెళ్లిపోయారు. నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇంకొకటి: సవతి బిడ్డలు లేరు. తోబుట్టువులందరూ ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినవాళ్లు.

ఇంతవరకు వింటే మన పెద్దవాళ్లు 'ఇందులో కొత్తేముంది' అంటారు. దక్షిణ జర్మనీలో ఆగ్స్‌బర్గ్ దగ్గరి లెఖ్ లోయకు వస్తే కథ అంత సాఫీగా సాగదు. సుమారు 4,000 ఏళ్ల కిందట, కంచు యుగం మొదలవుతున్నప్పుడు, అక్కడి పొలాల పక్కన ఇంటింటికీ ఒక చిన్న శ్మశానం. వందమందికి పైగా డీఎన్‌ఏ చూసి 2019లో చెప్పిందేమిటంటే, ఒక్కో ఇంట్లో మూడు రకాల మనుషులున్నారు. ఆస్తిపాస్తులున్న కుటుంబం ఒకటి, నాలుగైదు తరాలు అక్కడే ఉంది. దూరం నుంచి వచ్చిన స్త్రీలు, మంచి నగలతో గౌరవంగా పూడ్చబడ్డవాళ్లు. మూడో రకం, వీళ్లెవరికీ చుట్టాలు కానివాళ్లు, సమాధిలో చెప్పుకోదగ్గ వస్తువు ఏదీ లేనివాళ్లు. పాలేర్లో, బానిసలో తెలియదు. ఒకే కప్పు కింద ఉన్నోళ్లూ లేనోళ్లూ ఉన్నారనడానికి అంత పాతకాలం నుంచి దొరికిన అరుదైన సాక్ష్యం ఇది.

ఆ నగల స్త్రీల పిల్లలు మాత్రం ఆ శ్మశానాల్లో కనబడలేదు. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేదు. పిల్లల్ని పుట్టింటికి పంపారా? ఈ స్త్రీలు అసలు భార్యలేనా, లేక కంచు పని లాంటి విద్య తెచ్చినవాళ్లా? 'కోడలు' అన్న మాట ఇక్కడ వాడడానికి నాకు కొంచెం జంకుగా ఉంది.

మరి ఎప్పుడూ ఆడవాళ్లే ఇల్లు వదిలారా? లేదు. బ్రిటన్‌లో రోమన్ల రాకకు అటూ ఇటూ డోర్సెట్ ప్రాంతంలో డురోట్రిజీస్ అనే తెగ ఉండేది. వాళ్ల శ్మశానంలో 50 మందికి పైగా జన్యువులు చదివిన డబ్లిన్ ట్రినిటీ కాలేజీ బృందం 2025 జనవరిలో చెప్పిన సంగతి మన భాషలో ఒక్క మాటలో వస్తుంది: ఇల్లరికం. ఎక్కువమంది ఒకే తల్లి వరసకు చెందినవాళ్లు, బయటి నుంచి వచ్చిందేమో మగవాళ్లు. బ్రిటన్ ఆడవాళ్ల పెత్తనం గురించి రోమన్ రచయితలు రాసినవాటిని చాలాకాలం పుకార్ల కింద కొట్టిపారేశారు.

మనకు ఇంకా దగ్గరి విషయం గ్రీసు వైపు దొరికింది. తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలైతే పిల్లల క్రోమోజోములు రెండూ పొడవాటి మేర ఒకేలా ఉంటాయి. క్రీట్, చుట్టుపక్కల దీవుల కంచు యుగపు మనుషుల్లో ఇలాంటివాళ్లు చాలా ఎక్కువగా కనబడ్డారు. ఆలివ్ తోటలు, పొలాలు ముక్కలు కాకుండా చుట్టాల్లోనే పెళ్లిళ్లు చేసుకుని ఉంటారని పరిశోధకుల ఊహ. 'ఆస్తి బయటికి పోకూడదు' అన్న మాట మన ఇళ్లలో మేనరికాల దగ్గర విననిదా! అయితే ఆమె మేనమామ కూతురా, బాబాయి కూతురా అన్నది ఆ పొడవాటి ముక్కలు చూస్తే తేలదు. మనకేమో మరదలికీ చెల్లెలికీ మధ్య ఉన్న తేడా అంతా అదే.

ఇలాంటి వంశవృక్షాలు మన దేశంలో ఎందుకు లేవని అడగొచ్చు. ఎండ. వేడికి డీఎన్‌ఏ తునాతునకలైపోతుంది. హర్యానాలోని రాఖీగఢీలో, హరప్పా నాగరికత నగరంలో, 61 నమూనాలు ప్రయత్నిస్తే పనికొచ్చింది ఒకే ఒక్క స్త్రీది. అదే హిమాలయాల్లో 5,000 మీటర్ల ఎత్తున, చలిలో ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఎముకల్లో 38 మందివి చదవగలిగారు. అవి చరిత్ర కాలపువే అనుకోండి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న ఆ పరిశోధనలో 23 మంది దక్షిణాసియా వాళ్లని, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్లని తేలింది. ఎముకల్లోని కార్బన్ ఐసోటోపుల్లో వాళ్ల తిండి కూడా కనబడింది. వరి, గోధుమలది ఒక పద్దు, జొన్న, సజ్జ, రాగులది ఇంకో పద్దు. రోజూ సంకటి తిన్నవాణ్ణి, అన్నం తిన్నవాణ్ణి ఎముక చూసి వేరు చేయొచ్చు.

తెలుగు నేల మీద గుట్టల పక్కన పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన పాత సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లంటారు. ఇనుప యుగపు మనుషులవి. డెక్కన్ ఎండల్లో ఇన్నేళ్లున్న ఆ ఎముకల్లో డీఎన్‌ఏ దొరకడం కష్టమే. ఎనామిల్ మాత్రం వేడిని బాగా తట్టుకుంటుంది. స్ట్రాన్షియం అందులో భద్రంగా ఉంటుంది. పైగా ఎనామిల్ తయారీలో పాల్గొన్న ఒక ప్రొటీన్ మగవాళ్లలో ఒకలా, ఆడవాళ్లలో ఒకలా ఉంటుంది. దాని తునకలు కూడా అందులో మిగులుతాయి. ఆ గుళ్లలో ఒక్క పన్ను దొరికినా అది ఆడమనిషిదా, ఇక్కడ పెరిగిందా అని అడగొచ్చు. ఆమె ఎవరి కూతురో మాత్రం ఆ పన్ను చెప్పదు.