పసుపు రంగు ఎంత చెబుతుంది?

"మీ ల్యాబ్‌లో సెరటోనిన్ కొలుస్తారటగా, నాదీ ఓసారి చూడమ్మా. ఈ మధ్య దేని మీదా మనసు నిలవట్లేదు" అన్నాడు బాబాయి, బెంగళూరు మారతహళ్లిలో వాళ్లింట్లో ఆదివారం భోజనాలప్పుడు. మేం కొలిచేది సెరటోనిన్‌ను కాదు, దాన్ని అందుకునే రిసెప్టార్లను అన్నాను. తేడా ఏంటన్నాడు.

సెరటోనిన్ అంటే కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, అది ఒక్కటే. దాన్ని అందుకునే రిసెప్టార్లు, అంటే కణాల మీదుండే ప్రొటీన్లు మాత్రం దాదాపు 14 రకాలు. ఏది అందుకుందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. 5-హెచ్‌టీ3 (5-హెచ్‌టీ అంటే సెరటోనిన్‌కే పొట్టిపేరు) రకాన్ని అడ్డుకుంటే వాంతులు తగ్గుతాయి. కీమోథెరపీ తీసుకునేవాళ్లకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ చేసే పని అదే. 1బీ, 1డీ రకాలను ప్రేరేపిస్తే మైగ్రేన్ నెమ్మదిస్తుంది. పైగా ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం ఉండేది పేగుల్లో. మనసు బాగోలేదంటే సెరటోనిన్ తగ్గిందని తేల్చేసే యూట్యూబ్ వైద్యులు ఈ మాట చెప్పరు.

ఈ రిసెప్టార్లను కొలిచే కిట్ అంటే పెద్ద ఆర్భాటమేం ఉండదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు, దాన్లో 96 గుంటలు, కొన్ని బుడ్డి సీసాలు. డెంగీకి చేసే ఎలీసా పద్ధతే, 1971లో స్వీడన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ విడివిడిగా పుట్టింది. గుంట అడుగున ఒక యాంటీబాడీ, అంటే ఫలానా ప్రొటీన్‌ను గుర్తుపట్టి పట్టుకునే అణువు, అతికించి ఉంటుంది. కణజాలాన్ని మెత్తగా నూరి తీసిన ద్రవం పోస్తే రిసెప్టార్ దానికి చిక్కుతుంది. ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీ పైనుంచి పట్టుకుంటుంది. కడిగి రంగు ద్రావణం వేస్తే ఆ ఎంజైమ్ వల్ల నీలం తేలుతుంది. ఆమ్లం పడగానే ఆ నీలం చటుక్కున పసుపైపోతుంది. ఎన్నేళ్లు చేసినా ఆ క్షణం చూడబుద్ధేస్తుంది. పసుపు ఎంత చిక్కగా ఉందో 450 నానోమీటర్ల కాంతితో యంత్రం చదువుతుంది. ఎంత చిక్కగా ఉంటే రిసెప్టార్ అంత ఎక్కువ చిక్కినట్టు.

అసలు పనంతా కడగడంలోనే ఉంది. దేనికీ అంటుకోని రెండో యాంటీబాడీ మిగిలిపోతే అదీ రంగు తెస్తుంది. కొత్తలో ఓసారి తొందరపడి పైపైన కడిగేశాను. శాంపిల్ వేయని గుంటలు కూడా నీలంగా మారి ప్లేటంతా వృథా అయింది.

ఇంతకన్నా పెద్ద చిక్కు రిసెప్టార్‌తోనే. వీటిలో చాలా రకాలు కణం పొరలో ఏడుసార్లు అటూ ఇటూ కుట్టు వేసినట్టు అల్లుకుని ఉంటాయి. డిటర్జెంట్ వేసి బయటికి లాగితే ఆకారం చెడొచ్చు. యాంటీబాడీకి తను గుర్తుపట్టే చిన్న ముక్క కనిపిస్తే చాలు, పట్టేసుకుంటుంది. అది పనిచేసే రిసెప్టారో విరిగిన తునకో దానికి తెలీదు. దగ్గరి పోలికలున్న వేరే రకాన్నీ పట్టుకోవచ్చు. అందుకే ఆ జన్యువు తీసేసిన ఎలుక కణజాలంలో కూడా రంగు వస్తుందా అని చూస్తారు. వచ్చిందంటే ఆ యాంటీబాడీని నమ్మడానికి లేదు. నన్నడిగితే ఈ పరీక్ష చేయకుండా అచ్చేసే అంకెలకు విలువ లేదు.

"అయితే నా మెదడు ముక్క కావాలా?" అన్నాడు బాబాయి కంగారుగా. అక్కర్లేదు, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో బ్రెయిన్ బ్యాంక్ ఉంది, చనిపోయినవాళ్ల మెదళ్లు దానంగా వస్తాయి అన్నాను. "పోనీ రక్తంలో చూడు." ప్లేట్‌లెట్ల మీద 2ఏ రకం ఉన్నమాట నిజమే గానీ, దాని లెక్క చూసి నీ మనసు సంగతి చెప్పలేను బాబాయ్ అన్నాను. కిట్ పెట్టె మీదే రాసుంటుంది, పరిశోధనకు మాత్రమేనని.

"ముందే చెప్పొచ్చుగా" అంటూ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.