కొండ మీద వానా, మంచా? తేల్చేది ఒకటి రెండు డిగ్రీలే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు విశాఖ ఏమైందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఆ తుపాను కథ విశాఖతో ముగియలేదు. బలహీనపడుతూనే ఉత్తరానికి మళ్లి, బంగాళాఖాతం నుంచి మోసుకెళ్లిన తేమను రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల మీద కుమ్మరించింది. మన దగ్గర వానగా పడింది అక్కడ మంచుగా పడింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచు తుపానులో చిక్కుకుని, మంచు చరియల కింద పడి 40 మందికి పైగా చనిపోయారు. ట్రెక్కింగ్ చేసేవాళ్లకు అక్కడ అక్టోబర్ అన్నిటికన్నా మంచి నెల. వర్షాలు వెళ్లిపోయి, చలి ముదరకముందు, ఆకాశం అద్దంలా ఉంటుందని నమ్మి వచ్చే నెల.

హైదరాబాద్ నుంచి హిమాలయాలకు వెళ్లేవాళ్లలో చాలామంది బయలుదేరేది కూడా ఈ రోజుల్లోనే. దసరా సెలవులొస్తే పిల్లలతో మనాలీకో, కశ్మీర్‌కో టికెట్లు తీసుకుంటారు. పెద్దవాళ్లేమో కేదార్‌నాథ్ తలుపులు మూసేలోగా దర్శనం చేసుకోవాలనుకుంటారు. కేదార్‌నాథ్ ఆలయాన్ని దీపావళి వెళ్లాక భాయ్ దూజ్ నాడు మూస్తారు, బదరీనాథ్‌ను నవంబర్‌లో. మనాలీ వెళ్లేవాళ్లు కాస్త మంచు పడితే బాగుండు అనుకుంటారు, యాత్రకు వెళ్లేవాళ్లు పడకూడదని దండం పెట్టుకుంటారు. ఇద్దరూ చూసేది మాత్రం ఫోన్‌లో ఒకే యాప్, అందులో మబ్బు కింద ఉన్న చిన్న బొమ్మ. చుక్కలుంటే వాన, నక్షత్రంలాంటిది ఉంటే మంచు.

జనవరిలో ఆ బొమ్మ పెద్దగా తప్పదు. మూడు వేల మీటర్ల ఎత్తులో ఎలాగూ గడ్డకట్టే చలి ఉంటుంది కాబట్టి మబ్బు వచ్చిందంటే పడేది మంచే. అక్టోబర్, నవంబర్ నెలల్లో అలా కాదు. మబ్బు ఏ రోజు వస్తుందో చెప్పడం ఇప్పుడు అంత కష్టం కాదు. ఆ మబ్బులోంచి పడేది ఏ ఎత్తు దగ్గర మంచు, ఏ ఎత్తు దగ్గర వాన అన్నది తేల్చడమే అసలు కష్టం. సీజన్ మొదట్లో వచ్చే మంచు గురించి వాతావరణ శాస్త్రవేత్తలు తలపట్టుకునేది ఇక్కడే.

మబ్బును తెచ్చేవి ముఖ్యంగా రెండు. నైరుతి రుతుపవనాలు సెప్టెంబర్‌లో వాయవ్య భారతం నుంచి వెనక్కి మళ్లాక, మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో పాటు పశ్చిమ అలజడులు రావడం మొదలవుతుంది. టీవీల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనేది వీటినే. ఇవి డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎక్కువ, అక్టోబర్‌లో అప్పుడొకటీ అప్పుడొకటీ. రెండోది మన బంగాళాఖాతం. అక్టోబర్, నవంబర్ నెలలే దానికి తుపానుల కాలం. వేటికవి వచ్చిపోతే పెద్ద ప్రమాదం ఉండదు. పడమటి నుంచి వచ్చే చల్లటి ద్రోణి, తూర్పు నుంచి వచ్చే తేమ ఒకే రోజు ఒకే కొండల మీద కలిస్తేనే ముప్పు. హుద్‌హుద్ అప్పుడు జరిగింది అదే.

ఇక వానా మంచా అన్న లెక్క. దీన్ని అర్థం చేసుకోవడానికి మంచుకొండల దాకా పోనక్కర్లేదు, మన బేగంపేట చాలు. అక్కడి నుంచి వాతావరణ శాఖ రోజూ పైకి బెలూన్ వదులుతుంది. కింద దారానికి అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి వేలాడుతుంటుంది. పైకి వెళ్తున్నంతసేపూ అది ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియోలో కిందికి పంపుతూనే ఉంటుంది. గాలి ఎటు తోస్తోందో పెట్టె కదలికను బట్టి తెలుస్తుంది. ఒక చోట, దాదాపు ఐదు కిలోమీటర్ల ఎత్తులో, ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. అక్కడి నుంచి పైకి అంతా గడ్డకట్టే చలే. అంటే హైదరాబాద్‌లో ఉరుములతో కురిసే పెద్ద వానల్లో చాలా భాగం మన తల మీద ఐదారు కిలోమీటర్ల పైన మంచు పలుకులుగానే మొదలవుతుంది. కిందికి దిగుతూ కరిగి మన దాకా నీళ్లుగా వస్తుంది. మనాలీలో నేలే ఆ సున్నా డిగ్రీల గీతకు దగ్గరగా ఉంటుంది, మనకు దూరంగా ఉంటుంది. తేడా అంతే.

అయితే సున్నా గీత దాటగానే మంచు టక్కున నీరైపోదు. కరగడానికి టైం పడుతుంది కాబట్టి మామూలుగా గీతకు రెండు మూడు వందల మీటర్ల కింద దాకా మంచుగానే వస్తుంది. గాలి పొడిగా ఉంటే ఇంకా కిందికి వస్తుంది. ఎండాకాలంలో మన ఇళ్లలో కూలర్ చేసే పనే అక్కడ జరుగుతుంది. పొడిగాలిలో మంచు పలుకు తడిసిన వెంటనే ఆ తడి ఆవిరవుతూ పలుకునూ, చుట్టూ ఉన్న గాలినీ చల్లబరుస్తుంది. అందుకే కొండ ప్రాంతాల్లో ఫోర్‌కాస్ట్ చేసేవాళ్లు మామూలు ఉష్ణోగ్రత కన్నా తడి బల్బు ఉష్ణోగ్రతను ఎక్కువ నమ్ముతారు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే కనిపించే అంకె అది. మూడు వేల మీటర్ల ఎత్తులో గాలి 4 డిగ్రీలుండి, తేమ 40 శాతమే ఉందనుకోండి. తడి బల్బు సున్నాకు ఒక డిగ్రీ కిందికి పోతుంది. అక్కడ మబ్బులోంచి జారేది మంచుగానే నేల చేరవచ్చు. అదే 4 డిగ్రీల్లో తేమ నూటికి నూరు శాతం ఉంటే పడేది వానే. థర్మామీటర్ మీద అంకె ఒకటే, రాలేవి వేరు.

ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది మరొకటి ఉంది: వాన తనను తాను మంచుగా మార్చుకోగలదు. మంచు కరగాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. 10 మిల్లీమీటర్ల వాన కురిసిందంటే చదరపు మీటరుకు 10 కిలోల మంచు పైన కరిగిందన్నమాట. లెక్క వేసి చూస్తే, ఆ కరగడం ఒక కిలోమీటరు మందం ఉన్న గాలి పొరను మూడు డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. బయటి నుంచి వెచ్చటి గాలి వచ్చి కలవకపోతే, గంటగంటకూ సున్నా గీత కిందికి జారుతుంది. ఇరుకైన లోయల్లో గాలి పెద్దగా మారదు కాబట్టి అక్కడ ఇంకా వేగంగా జారుతుంది. సాయంత్రం వానతో మొదలై, జల్లు బలపడేకొద్దీ నీళ్లలో తెల్లటి పలుకులు కలిసి, అర్ధరాత్రికి పూర్తిగా మంచైపోయే రాత్రులు ఇలాగే వస్తాయి. వాన ఎంత గట్టిగా కురుస్తుందన్న అంచనా కాస్త తప్పితే మంచు ఎక్కడిదాకా దిగుతుందన్న అంచనా కూడా తప్పుతుంది. ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడుతుంది.

ఇప్పుడు ఒక్క డిగ్రీ విలువ ఎంతో చూద్దాం. కొండ ఎక్కుతుంటే సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే అంచనాలో ఒక డిగ్రీ తేడా వస్తే మంచు పడే ఎత్తు 150 మీటర్లు అటో ఇటో జరుగుతుంది. మైదానంలో ఒక డిగ్రీ తేడాను ఎవరూ పట్టించుకోరు. కొండ మీద అదే తేడాతో ఒక ఊరు వానలో తడుస్తుంది, పైఊరికి దారి మూసుకుపోతుంది.

కేదార్‌నాథ్ దారినే తీసుకోండి. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తులో ఉంది, ఆలయం సుమారు 3,580 మీటర్లలో. ఒక్క రోజు నడకలో 1,600 మీటర్లు ఎక్కుతారు, అంటే దాదాపు పది డిగ్రీల తేడా. కింద స్వెటర్ కూడా అక్కర్లేని వాతావరణంలో బయలుదేరినవాళ్లు పైన మంచులోకి వెళ్తారు. చాలామంది ఫోన్‌లో చూసేది జిల్లా కేంద్రమైన రుద్రప్రయాగ వాతావరణం. అది వెయ్యి మీటర్ల లోపు ఎత్తున్న ఊరు. అక్కడి అంకెను బట్టి కేదార్‌నాథ్‌కు బట్టలు సర్దుకోవడం ప్రమాదం.

కేదార్‌నాథ్ పేరే కొట్టి చూసినా చిక్కు పూర్తిగా తీరదు. కంప్యూటర్ మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది. మన వాతావరణ శాఖ వాడుతూ వచ్చిన ప్రపంచస్థాయి మోడల్‌లో ఒక్కో గడి 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. మైదానాలకు ఇది చాలా గొప్ప మెరుగుదల. కానీ హిమాలయాల్లో 6 కిలోమీటర్లలో ఒక నది, దాని మీద నిట్టనిలువుగా రెండు వేల మీటర్ల కొండ, అవతల ఇంకో లోయ, అన్నీ ఇమిడిపోతాయి. మోడల్ వాటన్నిటి సగటు ఎత్తును తీసుకుంటుంది. ఆ సగటు ఎత్తులో ఊరూ ఉండకపోవచ్చు, గుడీ ఉండకపోవచ్చు. బాగా తయారుచేసిన యాప్‌లు ఊరి అసలు ఎత్తును బట్టి ఉష్ణోగ్రతను సరిదిద్దుతాయి, మిగతావి సగటునే చూపించేస్తాయి.

రాడార్లకూ కొండలు అడ్డే. చదును నేల మీద ఉన్న హైదరాబాద్ రాడార్ చుట్టూ వందల కిలోమీటర్లు చూడగలదు. హిమాలయాల్లో కిరణం ఎదుటి కొండకు తగిలి ఆగిపోతుంది, లేదా లోయ మీదుగా పైనుంచి వెళ్లిపోతుంది. అందుకే అక్కడ చిన్న రాడార్లను శిఖరాల మీద పెడుతున్నారు. 2021 జనవరిలో కుఫ్రీ, ముక్తేశ్వర్‌లలో, 2023 జనవరిలో జోత్, మురారీదేవి, సుర్కండాదేవి, బనిహాల్ టాప్‌లలో మొదలయ్యాయి. వీటిలో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. కరగడం మొదలుపెట్టిన మంచు పలుకు పైన నీటి పొర కమ్ముకుంటుంది. రాడార్‌కు అది పెద్ద నీటిబొట్టులా కనిపించి, కరిగే ఎత్తు దగ్గర ఒక పట్టీ మెరుస్తుంది. ఆ పట్టీ ఏ ఎత్తులో ఉంది, కిందికి దిగుతోందా లేదా అని చూస్తే రాబోయే రెండు మూడు గంటల్లో మంచు ఎక్కడిదాకా వస్తుందో తెలిసిపోతుంది. రెండు రోజుల ముందు చెప్పడానికి ఇది పనికిరాదు. కానీ ఆ రాత్రి బస్సును కనుమ ఎక్కనివ్వాలా వద్దా అన్నదానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

2021 అక్టోబర్‌లో ఉత్తరాఖండ్‌లో జరిగింది చూస్తే ఈ శాస్త్రం ఎంత ఎదిగిందో, ఎక్కడ ఆగుతోందో రెండూ తెలుస్తాయి. వాతావరణ శాఖ ముందే రెడ్ అలర్ట్ ఇచ్చింది, ప్రభుత్వం చార్‌ధామ్ యాత్రికులను దారిలోనే ఆపింది. అలా ఆపకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. ముక్తేశ్వర్‌లో 24 గంటల్లో 340.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1897 నుంచి లెక్కలు రాస్తున్న ఆ కేంద్రంలో అంతకుముందు రికార్డు 1914 నాటి 254.5. ముక్తేశ్వర్ ఎత్తులో అంతా వానే. అదే రోజుల్లో ఐదు వేల మీటర్లకు పైన ఉన్న లమ్‌ఖాగా కనుమ దాటడానికి బయలుదేరిన ట్రెక్కర్లు మంచులో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోడ్డు మీద ఉన్నవాళ్లకు హెచ్చరిక అందింది. అంతకుముందే సిగ్నల్ లేని లోయల్లోకి వెళ్లినవాళ్లకు ఏ అలర్ట్ అందుతుంది?

తొలి మంచు దెబ్బ మనుషులకే కాదు, చెట్లకు కూడా. 2018 నవంబర్ 3న, మళ్లీ 2019 నవంబర్ మొదటి వారంలో కశ్మీర్‌లో పడిన మంచు ఆపిల్ తోటలను విరిచేసింది. జనవరిలో అంతకన్నా ఎక్కువ మంచు పడినా ఆ చెట్లు తట్టుకుంటాయి, ఎందుకంటే అప్పటికి ఆకులన్నీ రాలిపోయి కొమ్మలు బోసిగా ఉంటాయి. నవంబర్ మొదట్లో కొమ్మకు ఆకులుంటాయి, కొన్నిటికి కాయలూ ఉంటాయి. ప్రతి ఆకూ మంచును పట్టుకుంటుంది. పైగా అది సున్నాకు దగ్గరగా పడే తడి మంచు. సెంటీమీటరు నీరు చలికాలపు పొడి మంచుగా పడితే 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పేరుకుంటుంది, తడి మంచైతే 5, 6 సెంటీమీటర్లే. అంటే ఒకే ఎత్తు పేరుకున్నా తడి మంచు బరువు రెండింతలు. కొమ్మ మొదట వంగుతుంది, తర్వాత కాండం దగ్గర నిలువునా చీలుతుంది. ఒక ఆపిల్ చెట్టు నిండుగా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. హైదరాబాద్ శివార్లలోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వచ్చే కశ్మీర్ ఆపిల్ వెనక ఈ భయం ప్రతి ఏటా ఉంటుంది. ఒక రోజు ముందు తెలిసినా రైతు మిగిలిన కాయలు కోసుకోవచ్చు, కొమ్మలకు ఊతాలు పెట్టుకోవచ్చు, పడుతున్నప్పుడే దులపడానికి మనుషుల్ని పిలుచుకోవచ్చు.

ఎంత ముందుగా చెప్పగలరు? ఇప్పుడు ఏ పెద్ద కేంద్రమూ ఒక్క లెక్కతో సరిపెట్టుకోవడం లేదు. మొదలుపెట్టే అంకెలను కొద్దికొద్దిగా మార్చి, ఒకే వాతావరణాన్ని పదుల సార్లు లెక్క కడతారు. ఐరోపా దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం అలా 51 లెక్కలు కడుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఎత్తు దగ్గర మంచు చూపిస్తే నమ్మకం ఎక్కువ. కొన్ని 2,500 మీటర్లనీ, కొన్ని 3,500 అనీ చూపిస్తే, ఆ వెయ్యి మీటర్ల మధ్య ఉన్న ప్రతి ఊరూ రెండిటికీ సిద్ధంగా ఉండాలి. పశ్చిమ అలజడి వస్తున్న సంగతి నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది. మంచు దిగే ఎత్తు మాత్రం చాలాసార్లు చివరి ఒకటి రెండు రోజుల్లోనే తేలుతుంది.

డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం బులెటిన్‌లలో ఈ సమాచారం చాలాసార్లు సూటిగానే ఉంటుంది: 3,500 మీటర్లకు పైన మంచు కురిసే అవకాశం అని. వార్తల్లోకి వచ్చేసరికి ఆ అంకె జారిపోయి "ఉత్తరాఖండ్‌లో మంచు" అన్న హెడ్‌లైన్ మిగులుతుంది. యాప్‌లో అయితే అదీ ఉండదు. నా దృష్టిలో ఆ బులెటిన్ మొత్తానికీ ప్రాణం ఆ అంకే. అమ్మానాన్నలను చార్‌ధామ్‌కు పంపుతుంటే బయలుదేరే ముందు రోజు, మళ్లీ గౌరీకుండ్ చేరాక ఆ బులెటిన్ తెరిచి ఆ అంకె చూడండి. దాన్ని వాళ్లు వెళ్తున్న చోటు ఎత్తుతో పోల్చండి. ఆ చోటు ఆ అంకెకు పైన ఉన్నా, 300 మీటర్ల లోపు కిందే ఉన్నా మంచు పడుతుందనే అనుకుని ఆ రోజు నడక వాయిదా వేయించండి.