ఎండపూట ఇంజిన్‌లో మంచు

బయట 25 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ. చిన్న విమానం సాఫీగా పోతోంది. పైలట్ థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లివర్) ముట్టుకోలేదు, అయినా ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. అంత ఎండలోనూ కార్బ్యురేటర్‌లో, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగంలో, మంచు పేరుకుంటోంది!

కార్బ్యురేటర్‌లో గాలి ఒక ఇరుకు గొంతులోంచి దూసుకెళ్తుంది. అక్కడ పీడనం తగ్గడం వల్లే పెట్రోలు పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. కానీ పీడనం తగ్గితే గాలి చల్లబడుతుంది. పైగా పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా అనిపించేదీ ఇందుకే. రెండూ కలిసి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా పడగొట్టగలవు. దాంతో గాలిలోని తేమ, గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ రేకు మీద గడ్డకట్టి దారి మూసేస్తుంది. దిగడానికి థ్రాటిల్ తగ్గించినప్పుడు సందు మరీ సన్నం కాబట్టి అప్పుడే భయం ఎక్కువ.

దీనికి మందు కార్బ్ హీట్. ఆ నాబ్ లాగితే పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికొస్తుంది. కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోయి ఇంజిన్ ఇంకా గరగరలాడుతుంది. కొత్త పైలట్‌కు టెన్షన్ పుట్టి నాబ్ వెనక్కి తోసేయాలనిపిస్తుంది. అస్సలు తోయకూడదు. కాసేపు ఓపిక పడితే ముల్లు మళ్లీ పైకి లేస్తుంది.

కార్బ్యురేటర్‌కు బదులు వాడే ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో ఆ ఇరుకు గొంతు దగ్గర పెట్రోలు కలవదు. ప్రతి సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ పక్కనే, వేడిగా ఉన్నచోట, సన్నటి నాజిల్ చిమ్ముతుంది. కాబట్టి ఆవిరి వల్ల మంచు కట్టే బాధ లేదు. ఇంకో లాభం, అన్ని సిలిండర్లకూ దాదాపు సమానంగా అందుతుంది. కార్బ్యురేటర్ ఇంజిన్‌లో ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ వెళ్తుంది. తక్కువ అందేదాన్ని కాపాడటానికి మిగతావాటికి కొంత పెట్రోలు దండగ చేయాల్సిందే. 1986లో ఆగిన సెస్నా 172 అనే చిన్న విమానం తయారీ 1996లో మళ్లీ మొదలైనప్పుడు ఇంజెక్షన్‌తోనే వచ్చింది.

ఇంజెక్షన్ తంటా వేరే. ఎగిరొచ్చి ఆపిన ఇంజిన్‌ను వెంటనే స్టార్ట్ చేయాలంటే, సిలిండర్ల పైనున్న సన్నటి గొట్టాల్లో పెట్రోలు మరిగి ఆవిరై ఉంటుంది, అందుకే ఇంజిన్ సులువుగా అందుకోదు. చాలా ఇంజిన్లలో పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగి, థ్రాటిల్ కాస్త తెరిచి, స్టార్టర్ తిప్పుతూ, ఇంజిన్ అందుకోగానే మిక్స్చర్‌ను ముందుకు తోయాలి. చెయ్యి కుదిరేదాకా చిరాకే. అయినా నా ఓటు ఇంజెక్షన్‌కే. ఈ చిరాకు పడేది నేల మీద, విమానం కదలకముందు.