దూరం తెలిశాక గాలి మిగిలింది: వేట తూటాల ఎంపిక వెనక నూరేళ్ల కథ

అమెరికాలోని కొలరాడోలో అక్టోబరు వస్తే తుపాకులతో ఎల్క్ వేట మొదలవుతుంది. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న లాంటిది, మగది 300 కిలోలు దాకా తూగుతుంది. ఆ సీజన్‌కు నెలల ముందు నుంచే అక్కడి తుపాకి దుకాణాల్లో ఏ తూటా మంచిదన్న పాత వాదనే మళ్లీ మొదలవుతుంది. తాత వాడిన .270 చాలదా? నాన్న కొన్న 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం ఇంట్లో ఉండగా ఈ 7 ఎంఎం పీఆర్‌సీ (ప్రెసిషన్ రైఫిల్ కార్ట్రిడ్జ్) ఎందుకు? 6.5 క్రీడ్‌మూర్ ఎల్క్‌కు సరిపోతుందా, జింకల వరకేనా? పక్కన నిలబడి వినేవాళ్లకు ఇది బ్రాండ్ల గొడవలా అనిపిస్తుంది. కానీ ఈ తూటాల్లో ప్రతిదీ ఆ కాలపు వేటగాడికి అంతుపట్టని ఏదో ఒక విషయానికి జవాబుగా పుట్టింది. ఆ వరస తెలిస్తే వాదన సగం తేలిపోతుంది.

ముందు ఒక మాట. తెలుగులో తూటా అనే మాటను రెండింటికీ వాడేస్తాం. ఇక్కడ తూటా అంటే ఇత్తడి కేసు, లోపలి తుపాకిమందు, అడుగున దాన్ని అంటించే ప్రైమర్, మూతిలో బుల్లెట్ అన్నీ కలిపి. బుల్లెట్ అంటే గాల్లోకి ఎగిరే ముక్క మాత్రమే. దాని బరువు గ్రెయిన్లలో చెబుతారు. 15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము. పేరులోని .270 లాంటి అంకె బుల్లెట్ మందాన్ని సుమారుగా అంగుళాల్లో, 7 ఎంఎం లాంటిది మిల్లీమీటర్లలో చెబుతుంది.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగలేని మందు తయారు చేశాడు. అంతకుముందు నల్ల తుపాకిమందు రోజుల్లో వేగం పెంచే దారి లేక బుల్లెట్‌ను లావు చేసేవారు. కొత్త మందుతో సన్నని బుల్లెట్‌ను చాలా వేగంగా పంపడం కుదిరింది. తర్వాత 1905లో జర్మన్ సైన్యం మొన దేలిన బుల్లెట్‌కు మారింది. మరుసటి ఏడాదే అమెరికా సైన్యం .30-06ను తెచ్చింది. 150 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2,700 అడుగుల వేగం. పేరులోని 06 అంటే 1906. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికుల చేతికి అలవాటైన ఈ తూటా వేటలోకి కూడా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అసలు మలుపు 1925లో వచ్చింది. వించెస్టర్ కంపెనీ .30-06కు ముందటి .30-03 కేసు మూతిని సన్నం చేసి .270ను విడుదల చేసింది. 130 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 3,000 అడుగులు దాటే వేగం. జాక్ ఓకానర్ అనే రచయిత 'అవుట్‌డోర్ లైఫ్' పత్రికలో దశాబ్దాల పాటు దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. ఆయన అభిమానులు ఒక పక్క, బరువైన పెద్ద బుల్లెట్లే కావాలన్న మరో రచయిత ఎల్మర్ కీత్ అభిమానులు ఇంకో పక్క చేరి ఎడతెగని వాదం నడిపారు.

అంత వేగం ఎందుకంటే, ఎదురు కొండ మీద నిలబడ్డ జింక 300 గజాల దూరంలో ఉందా, 400 గజాలా అన్నది ఆ రోజుల్లో కంటి అంచనా మాత్రమే. లోయకు అడ్డంగా చూస్తే ఎంత అనుభవం ఉన్నా పొరపాటు పడతాం. బుల్లెట్ వేగంగా వెళ్తే తక్కువ కిందికి జారుతుంది, కాబట్టి అంచనా తప్పినా గురి పెద్దగా తప్పదు. 100 గజాల దగ్గర బుల్లెట్ గురికన్నా మూడంగుళాలు పైన తగిలేలా .270ను సరిచేసుకుంటే, 300 గజాలు దాటేదాకా దూరం గురించి ఆలోచించకుండా నేరుగా ఒంటి మధ్యకు గురిపెట్టవచ్చు. అంటే వేటగాడు కొన్న వేగం నిజానికి దూరం తెలియకపోవడానికి కట్టుకున్న బీమా.

(ఆ కాలంలో మన అడవుల్లో ఈ బాధే లేదు. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్. 300 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2,200 అడుగుల వేగం. దట్టమైన అడవిలో, మంచె మీంచి, పదుల గజాల్లో కాల్చే వేటకు అది చాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో ఆ అధ్యాయం ముగిసింది. ఈ కథంతా అమెరికాలోని బయలు కొండలది.)

ఈ బీమాను ఇంకా పెద్దది చేయాలన్న ఆశే మాగ్నం యుగం. మాగ్నం అంటే మామూలు కన్నా ఎక్కువ మందు పట్టే తూటా. 1945లో కాలిఫోర్నియాలో రాయ్ వెదర్బీ వేగమే మంత్రంగా వ్యాపారం మొదలుపెట్టాడు. 1962లో 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, 1963లో .300 వించెస్టర్ మాగ్నం వచ్చాయి. వీటి కేసు అడుగున ఉండే బెల్టు లాంటి ఉబ్బు 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ కుటుంబం నుంచి వచ్చింది. వీటికి దాని అవసరం పెద్దగా లేదు. మాగ్నం అంటే బెల్టు ఉండాలన్న నమ్మకమే దాన్ని నిలబెట్టింది. వేగానికి ఖరీదు కూడా ఉంది. ఎక్కువ మందు కాలితే బ్యారెల్ త్వరగా అరుగుతుంది, భుజం మీద తన్ను పెరుగుతుంది. తన్నుకు భయపడి ట్రిగ్గర్ దగ్గర కళ్లు మూసుకునే వేటగాడికి ఏ మాగ్నం తూటా ఉన్నా ఒకటే. ఇది చాలామంది బయటికి ఒప్పుకోరు.

ఇదే కాలంలో జరిగిన ఒక చిన్న కథ తర్వాతి మలుపుకు కీలకం. బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. అవి బుల్లెట్‌ను బొంగరంలా తిప్పుతాయి. బుల్లెట్ పొడవు పెరిగేకొద్దీ ఇంకా వేగంగా తిప్పాలి, లేకపోతే గాల్లో తడబడుతుంది. 1955లో వించెస్టర్ .243ను, రెమింగ్టన్ .244ను పోటాపోటీగా తెచ్చాయి. రెమింగ్టన్ 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు పెట్టింది, తేలికపాటి బుల్లెట్లు చాలనుకుంది. వించెస్టర్ 10 అంగుళాలకు ఒక చుట్టు పెట్టి, 100 గ్రెయిన్ల బుల్లెట్‌తో జింకల వేటకు కూడా పనికొస్తుందని అమ్మింది. తూటాగా .244 ఏం తీసిపోలేదు, అయినా ఓడిపోయింది. 1963లో రెమింగ్టన్ పేరు మార్చి, మెలి సరిచేసి 6 ఎంఎం రెమింగ్టన్ అంటూ తెచ్చినా అప్పటికే ఆలస్యమైంది. పెట్టె మీది వేగం అంకె ఒక్కటే చూసి తూటా కొనకూడదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

1990లలో లేజర్ దూరమాపకాలు వేటగాళ్ల చేతికి వచ్చాయి. బటన్ నొక్కితే 437 గజాలు అని అంకె కనిపిస్తుంది. అంకె తెలిశాక బుల్లెట్ ఎంత జారుతుందన్నది మిస్టరీ కాదు, లెక్క మాత్రమే. టెలిస్కోపు మీద గురిని సవరించే టర్రెట్ అనే మరను అంత మేర తిప్పుకుంటే సరి. డెబ్బై ఏళ్లు వేగానికి కట్టిన బీమా అవసరం సగం తగ్గిపోయింది. కానీ అడ్డంగా వీచే గాలిని లోయ పొడవునా కొలిచే పరికరం వేటగాడి జేబులో ఇప్పటికీ లేదు. కాబట్టి ప్రశ్న మారింది. ఇప్పుడు తక్కువ జారే బుల్లెట్ కన్నా గాలికి తక్కువ కొట్టుకుపోయే బుల్లెట్ కావాలి.

ఆ గుణాన్ని చెప్పే అంకె బాలిస్టిక్ కోఎఫిషెంట్. అక్కడి వేటగాళ్లు బీసీ అంటారు (మన బీసీ కాదు). సన్నగా, పొడవుగా, బరువుగా ఉన్న బుల్లెట్‌కు అది ఎక్కువ. పొడవాటి బుల్లెట్‌కు మూడు వసతులు కావాలి: గట్టిగా మెలితిరిగిన గాడులు, మ్యాగజీన్‌లో పట్టే పొట్టి కేసు, ఆ బుల్లెట్‌కు అమిరే మూతి కొలత. 2007లో హోర్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ ఈ మూడూ ముందే లెక్కలో పెట్టుకుని పుట్టింది. 1873లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో తెరిచిన క్రీడ్‌మూర్ షూటింగ్ మైదానం పేరే దీనికి పెట్టారు. మొదట ఇది పందెం షూటర్ల తూటా, వేటగాళ్లు తర్వాత పట్టుకున్నారు. విచిత్రం ఏమిటంటే, గట్టి మెలి, పొడవాటి 6.5 బుల్లెట్ అన్న జోడీ 1894 నాటి స్వీడిష్ 6.5×55లోనే ఉంది. స్కాండినేవియాలో దానితోనే ఎల్క్ కన్నా పెద్దవైన మూస్‌లను వేటాడుతూ వచ్చారు.

లెక్క చూస్తే మార్పు తెలుస్తుంది. రెండు తుపాకులనూ 200 గజాలకు సరిచేసి 500 గజాల దగ్గర చూద్దాం. 130 గ్రెయిన్ల మామూలు .270 బుల్లెట్ దాదాపు 40 అంగుళాలు జారుతుంది. మొదట దానికన్నా చాలా నెమ్మదిగా బయల్దేరే 143 గ్రెయిన్ల క్రీడ్‌మూర్ బుల్లెట్ 45 అంగుళాలు జారుతుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి వీస్తే .270 సుమారు 19 అంగుళాలు పక్కకు పోతే, క్రీడ్‌మూర్ 16 దగ్గరే ఆగుతుంది. జారుడులో ఓడింది, గాలిలో గెలిచింది. దూరం తెలియని కాలంలో మొదటి అంకె ముఖ్యం, ఇప్పుడు రెండోది.

7 ఎంఎం గొడవ కూడా ఇదే. రెమింగ్టన్ మాగ్నం, 2022లో వచ్చిన పీఆర్‌సీ రెండూ ఒకే మందం బుల్లెట్‌ను కాలుస్తాయి. పాత మాగ్నం తుపాకుల్లో చాలావాటి మెలి 9 అంగుళాలకు పైన, పీఆర్‌సీకి 8. పీఆర్‌సీకి బెల్టు లేదు. 175 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ దానిలో సెకనుకు 3,000 అడుగులతో బయల్దేరుతుంది. 300 గజాల లోపు కాల్చేవాళ్లకు ఈ తేడా కోసం కొత్త తుపాకి కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

బుల్లెట్ చేరితే సరిపోదు, లోపల విచ్చుకోవాలి. 1946లో కెనడాలో మూస్ వేటలో తన బుల్లెట్లు పైపైనే పగిలిపోయి లోపలికి దిగక విసిగిపోయిన జాన్ నోస్లర్, మధ్యలో రాగి గోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్ చేశాడు. అది 1948 నుంచి అమ్మకానికి వచ్చింది. దూరం పెరిగే కొద్దీ సమస్య తిరగబడింది. చాలా వేట బుల్లెట్లు సెకనుకు 1,800 అడుగుల కన్నా వేగం తగ్గితే సరిగా విచ్చుకోవు, సన్నటి రంధ్రం చేసి దూసుకుపోతాయి. జంతువు గాయంతో తప్పించుకుంటుంది. ఎల్క్‌కు 1,500 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని వేటగాళ్ల నోట ఒక లెక్క తిరుగుతుంటుంది. అది నమ్మితే క్రీడ్‌మూర్ 400 గజాలకు ముందే ఆగాలి, 7 ఎంఎం పీఆర్‌సీ 700 దాటాక ఆగాలి. ఆ 1,500 చట్టం కాదు, కొలిచి తేల్చినదీ కాదు. కొలరాడో నిబంధన అడిగేది 100 గజాల దగ్గర 1,000 మాత్రమే, ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్.

2013లో చేసిన చట్టంతో కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసం బుల్లెట్లను పూర్తిగా ఆపింది. కళేబరాల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చావడమే ఆ చట్టానికి ముఖ్య కారణం. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది. మళ్లీ మెలి దగ్గరికే వచ్చాం.

500 గజాలు వెళ్లడానికి క్రీడ్‌మూర్ బుల్లెట్‌కు 0.6 సెకనుకు పైనే పడుతుంది. ట్రిగ్గర్ నొక్కాక ఎల్క్ ఒక అడుగు ముందుకు వేస్తే గుండెకు పెట్టిన గురి కడుపుకు తగులుతుంది. దీనికి ఏ తూటాలోనూ జవాబు లేదు. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఇలాంటి దూరపు కాల్పులను ఇష్టపడదు. జంతువుకు చూపు, వాసన, వినికిడితో తప్పించుకునే అవకాశం మిగలాలన్నది దాని వాదన. దూరపు కాల్పులకు వాడే బరువైన తుపాకుల మీద హద్దు కూడా ఉంది: ఐడహో రాష్ట్రంలో అన్ని అమరికలతో కలిపి 16 పౌండ్లు దాటిన తుపాకితో పెద్ద జంతువులను వేటాడకూడదు.

అందుకే ఇప్పుడు తెలిసినవాళ్లు ఎంపికను వెనక నుంచి మొదలుపెడతారు. ఏ జంతువు, నేను గాలిని చూసి నమ్మకంగా కొట్టగల దూరం ఎంత, అక్కడ బుల్లెట్‌కు ఎంత వేగం మిగలాలి, అంత వేగం భుజం ఓర్చుకునే తూటా ఏది, చివరికి అది ఆ ఊళ్లో దొరుకుతుందా? 2020, 2021లో అమెరికా అంతటా తూటాల కొరత వచ్చినప్పుడు ఈ చివరి ప్రశ్నే చాలామందికి మొదటి ప్రశ్న అయింది. కొండ కింద చిన్న ఊరి దుకాణంలో పీఆర్‌సీ పెట్టె లేకపోయినా .30-06 పెట్టె ఉండే అవకాశమే ఎక్కువ.