ఒక్క ఇఫ్-ఎల్స్‌లో నలభై బటన్లా?

నల్లగొండలో నా దగ్గరికి ప్రాజెక్టు పట్టుకొచ్చే ఇంజనీరింగ్ పిల్లల జావా స్వింగ్ (జావాలో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) కోడ్ చూస్తే సగం టెన్షన్ నాకే వస్తుంది. ఎక్కడ పుట్టిందో గానీ ఈ ప్రచారం పోవట్లేదు.

అపోహ: ఫ్రేమ్ (విండో) క్లాసే యాక్షన్‌లిజనర్ (బటన్ నొక్కితే కబురందుకునేది) అయిపోయి, నొక్కగానే నడిచే ఒకే యాక్షన్‌పెర్ఫార్మ్‌డ్ మెథడ్‌లో గెట్‌సోర్స్‌తో 'నొక్కింది ఏ బటన్' అని అడిగి అన్ని బటన్లనీ ఇఫ్-ఎల్స్‌తో పట్టుకోవాలి, ఓఓపీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) అంటే అదే, పైగా మెమరీ మిగులుతుంది.

వాస్తవం: ఏం మిగలదు. ఒక్కో లిజనర్ ఆబ్జెక్టు తినేది కొన్ని పదుల బైట్లు, బటన్ మీద పెట్టే 16 పిక్సెళ్ల ఐకానే వెయ్యి బైట్లు దాటుతుంది.

నేనూ అలాగే రాసి దెబ్బతిన్నా. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు కాంటాకి సాఫ్ట్‌వేర్ చేశా, గెట్‌యాక్షన్‌కమాండ్ (నొక్కిన బటన్ పంపే కమాండ్ పేరు) 'సేవ్' అయితే తూకం ఎక్కాలి. బటన్లు తెలుగులో కావాలని సేటు అడిగితే 'సేవ్' తీసి 'నమోదు' అని పెట్టి ఇంటికొచ్చేశా. తెల్లారేసరికి గుమాస్తా ఫోన్: "అన్నా, ఒత్తుతున్నా ఏం అయితలేదు, వడ్ల లారీలు గేటు దాకా ఆగినయ్." ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. కమాండ్ మనం విడిగా పెట్టకపోతే స్వింగ్ బటన్ మీది అక్షరాలనే కమాండ్‌గా పంపుతుంది, ఇక నా ఇఫ్ నిజమయ్యేది ఎప్పుడు? మధ్యాహ్నం దాకా చిట్టీలు చేత్తోనే రాశారు పాపం.

ఇప్పుడు ప్రతి బటన్‌కీ దాని లిజనర్ దానికే, అదీ ఒక్క లైను: తూకం రాసే మెథడ్‌ని పిలవడం. ఆ మెథడ్ ఇంకో క్లాసులో ఉంటుంది, దాన్ని పిలిచింది ఏ బటనో దానికి తెలియదు. అదే పని మెనూలోనూ ఎఫ్2 కీకీ కావాలంటే ఒకే యాబ్‌స్ట్రాక్ట్‌యాక్షన్ (చేయాల్సిన పనినీ, అది ఆన్‌లో ఉందా లేదా అన్నదాన్నీ కలిపి పట్టుకునే) ఆబ్జెక్టు మూడింటికీ తగిలిస్తా. లారీ కాంటా మీద లేనప్పుడు ఆ ఆబ్జెక్టు మీద సెట్‌ఎనేబుల్డ్ ఫాల్స్ అంటే చాలు, మూడూ ఆగిపోతాయి.

మిగతావి చకచకా. లిజనర్‌ని లాంబ్డాగా (పేరు లేని చిన్న ఫంక్షన్‌గా) రాస్తే వైవాలో "ఇది ఓఓపీ కాదు" అంటారని భయపడకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఉన్నదే అది, అక్కడ అది యాక్షన్‌లిజనర్ ఆబ్జెక్టే. హ్యాండ్లర్ (బటన్ నొక్కితే నడిచే కోడ్) వేరే థ్రెడ్‌లో నడుస్తుందనేది వట్టి మాట, స్క్రీన్ గీసే థ్రెడ్‌లోనే నడుస్తుంది, అందుకే పెద్ద రిపోర్టు అందులో పెడితే స్క్రీన్ బిగుసుకుపోతుంది, వెనకాల వేరే థ్రెడ్‌లో పని చేసిపెట్టే స్వింగ్‌వర్కర్‌కి ఇవ్వండి. లిజనర్ రెండోసారి యాడ్ చేస్తే పాతది పోతుందనుకుంటారు, పోదు, రెండూ నడుస్తాయి. ఒకే లారీకి రెండు చిట్టీలు వస్తుంటే ప్రింటర్‌ని తిట్టే ముందు ఆ యాడ్ లైను ఎన్ని చోట్ల ఉందో వెతకండి.