నీళ్లు పోసినా మారని సంఖ్య

ఇంటర్ చదువుతున్న ఒక పాఠకురాలు అడిగింది: “ఎసిటిక్ ఆమ్లంలో నీళ్లు కలిపితే ఇంకా ఎక్కువ శాతం అణువులు అయాన్లుగా విడిపోతాయంటారు. మరి అయనీకరణ స్థిరాంకం ఎందుకు మారదు?” ఎంత చక్కని ప్రశ్న! అయనీకరణ స్థిరాంకమంటే ఆమ్లం అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా, ఎంతగా విడిపోతుందో చెప్పే సంఖ్య.

ద్రావణంలో ఒకేసారి రెండు పనులు సాగుతుంటాయి. ఆమ్లపు అణువు విడిపోతుంది. విడిపోయిన హైడ్రోజన్ అయాను, ఎసిటేట్ అయాను ఎదురుపడితే మళ్లీ కలుస్తాయి. విడిపోవడానికి ఒక్క అణువు, చుట్టూ నీరు ఉంటే చాలు. కలవడానికి మాత్రం ఇద్దరు ఉండాలి, పైగా ఎదురుపడాలి. ద్రావణాన్ని పది రెట్లు పలుచన చేయండి. లీటరులో విడిపోయే ఘటనలు పదో వంతుకు తగ్గుతాయి. కలయికలు ఏకంగా నూరో వంతుకు పడిపోతాయి. అందుకే కొంతసేపు విడిపోవడానిదే పైచేయి. అయాన్ల వాటా పెరిగి, రెండు వేగాలూ మళ్లీ సమానమైనచోట ఆగుతుంది. ఆ రెండు పనుల వేగ స్థిరాంకాల (గాఢతతో మారని గుణకాల) నిష్పత్తే అయనీకరణ స్థిరాంకం. ఉష్ణోగ్రత మారితే అదీ మారుతుంది, నీళ్లు పోసినంత మాత్రాన మారదు.

దీన్ని 1888లో రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ ఓస్ట్వాల్డ్ లెక్కలోకి తెచ్చాడు: విడిపోయిన భిన్నాన్ని వర్గం చేసి, గాఢతతో గుణించి, విడిపోని భిన్నంతో భాగించాలి. ఆ భిన్నం విద్యుత్ వాహకత నుంచి దొరుకుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ఎసిటిక్ ఆమ్లపు మోలార్ వాహకత, అంటే ఒక మోల్‌కు లెక్కగట్టిన వాహకత, సుమారు 5.2 S·cm²/mol. అణువులన్నీ విడిపోతే ఉండవలసినది 390.7. భాగిస్తే 0.0133, అంటే నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. స్థిరాంకం 1.8 × 10⁻⁵. పది రెట్లు పలుచన చేస్తే విడిపోయిన భిన్నం 0.042 దాకా పెరుగుతుంది, స్థిరాంకం మాత్రం మళ్లీ 1.8 × 10⁻⁵ దగ్గరే!

తరగతిలో పిల్లలచేత అడ్డదారి బట్టీ పట్టిస్తారు: స్థిరాంకాన్ని గాఢతతో భాగించి వర్గమూలం తీయమని. దాని హద్దు కూడా చెప్పాలి. 0.0001 మోలార్ ద్రావణానికి అది 42 శాతం అంటుంది. వర్గసమీకరణం సాధిస్తే వచ్చేది 34. ఇంకో పది రెట్లు పలుచన చేస్తే అడ్డదారి 134 శాతం చూపిస్తుంది, అంటే ఉన్న అణువులకన్నా ఎక్కువ విడిపోయాయని! అసలు జవాబు 72.

ఇలా కొద్ది భాగమే విడిపోయే ఆమ్లాన్ని బలహీన ఆమ్లం అంటారు. బలహీన ఆమ్లమంటే ప్రమాదం లేనిదన్న నమ్మకం ఒకటుంది, అది పోవాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమే. అయినా గాజును కరిగిస్తుంది, చర్మంలోకి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. స్థిరాంకం చెప్పేది ఎంత భాగం విడిపోతుందన్నదే.

క్షారాలకూ ఇదే లెక్క. అమోనియా స్థిరాంకం కూడా 25 డిగ్రీల వద్ద 1.8 × 10⁻⁵. ఇది కేవలం కాకతాళీయం, కానీ ఫలితం ముచ్చటైనది. నీటి అయానిక లబ్ధమైన (హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధమైన) 10⁻¹⁴ను దానితో భాగిస్తే అమోనియం అయాను ఆమ్ల స్థిరాంకమూ, ఎసిటేట్ అయాను క్షార స్థిరాంకమూ రెండూ 5.6 × 10⁻¹⁰గా వస్తాయి. అందుకే అమోనియం ఎసిటేట్‌ను నీటిలో కరిగిస్తే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం) దాదాపు 7 దగ్గరే, అంటే తటస్థంగానే నిలుస్తుంది.